మలుపు బయటి అంచు

ఎవరి చొక్కాకి గుండీ ఊడినా, ఎవరి పిల్లకి గౌను పొట్టయినా ఆ వీధిలో కాళ్లన్నీ దర్జీ అక్క గుమ్మంవైపే నడిచేవి. ముందు గదే ఆమె కుట్టుగది. కిటికీ పక్కన తొక్కుడు మిషను, గోడ మేకుకి కత్తెర, ఆమె మెడలో ఎప్పుడూ వేలాడే టేపు, ఎన్నిసార్లు ఊడ్చినా ఏదో ఓ మూల మిగిలిపోయే రంగు పీలికలు. కిటికీ రెక్క తీస్తే ఎదురింటి కప్పు మీదుగా కొండ కనిపిస్తుంది. పొద్దున నీలంగా, మధ్యాహ్నం పచ్చగా, సాయంత్రానికి ఎవరో కప్పి వెళ్లిన శాలువాలా ఉంటుంది. ఆ కొండ మీదికి అడవిలోంచి వెళ్లే దారి మాత్రం కనిపించదు. చెట్లు దాన్ని తమలో దాచేసుకున్నాయి.

ఎన్నడూ చూడని ఆ దారి ఆమెకి కంఠతా వచ్చు. ఆమె భర్త దాని మీద కలప లారీ నడిపాడు, వయసులో ఉన్నన్నాళ్లూ. అన్నం తింటూ కూడా దారి గురించే చెప్పేవాడు. మలుపులకి తనే పేర్లు పెట్టుకున్నాడు. ఇంజను వేడెక్కి నీళ్లు మరిగేది కెటిల్ మలుపు. ఎదురుగా ఏం వస్తోందో తెలియక గుండె చిక్కబట్టుకుని తిప్పేది గుడ్డి మలుపు. రెండు బండల సందులోంచి గాలి దూసుకొచ్చేది ఈల మలుపు. అన్నిటికీ పైన రాతి తొట్టి. అందులోకి ఏడాది పొడుగునా ఊటనీళ్లు పడుతూనే ఉంటాయట. అక్కడ ఆగి లారీకి తాగించి, తనూ తాగి, అవతలి వైపు దిగేవాడు. మిషను తొక్కుతూ ఆమె ఆ మలుపులన్నిటినీ గుడ్డ మీద సుద్దతో గీసుకున్నట్టు మనసులో గీసుకునేది. ఒక్కసారి నన్నూ తీసుకెళ్లండి అంటే, "లోడు దిగగానే వెళ్దాం" అనేవాడు. ఆ లోడు ఏనాడూ దిగలేదు.

తర్వాత కొండ కింద సొరంగం తవ్వారు. లారీలన్నీ అటు మళ్లిపోయాయి. ఆ ఏడే అతనూ పని మానేశాడు. దొరికిన తీరికని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒక కుర్చీ తెచ్చి కుట్టుగదిలో వేసుకున్నాడు. కొలతలు ఇవ్వడానికి వచ్చిన వాళ్లని బండి వెనక్కి తీయిస్తున్నట్టు "ఎడమకి, ఇంకాస్త ఎడమకి, చాలు" అనేవాడు. ఆడవాళ్లు మొహమాటపడి, అతను లేనప్పుడు వద్దామని చూసేవాళ్లు. అతను లేనప్పుడంటూ లేకుండా పోయింది.

ఆమెకి విసుగు కన్నా దిగులు ఎక్కువ. మొదటి ఉతుకుకే కుంచించుకుపోయే బట్టలా మనిషి ఆ కుర్చీలో చిన్నగా అయిపోతున్నాడు. మాట తగ్గింది. దారి గురించి అసలే ఎత్తడం లేదు. ఎవరైనా ఎత్తితే, అది చచ్చిపోయిన రోడ్డు అని తేల్చేసేవాడు.

వీధి చివర సైకిల్ షాపు ఆమె తమ్ముడిది. చచ్చిపోయిన ఆ రోడ్డు మీదే ఇప్పుడు సెలవు రోజుల్లో సైకిళ్లు తిరుగుతున్నాయని, హారనూ పొగా లేని దారి కోసం ఎక్కడెక్కడి వాళ్లో వస్తున్నారని అతనే చెప్పాడు. ఆమె మర్నాడు చేతిలో పని పక్కన పెట్టి షాపుకి వెళ్లి, గేర్లున్న సైకిళ్లు రెండు కావాలంది.

"ఈ వయసులో సైకిలేంటే అక్కా?"

"నేను ఇన్నేళ్లూ తొక్కుతూనే ఉన్నాను కదరా. నా బండే కదల్లేదు."

ఇంటికొచ్చి భర్తతో, సెలవునాడు తను కొండెక్కుతున్నానని, ఆయన రాకపోతే ఒక్కతే వెళ్తానని చెప్పింది. అతను రానన్నాడు. నవ్వాడు. ఆ తర్వాత, గుడ్డి మలుపు దగ్గర ఏ వైపు ఉంటావు అని అడిగాడు. ఆమె చెప్పిన జవాబు విని తలపట్టుకున్నాడు. సెలవునాడు పొద్దున్నే ఆమెకన్నా ముందు తయారై గుమ్మంలో నిలబడ్డది అతనే.

తమ్ముడు సీటు ఎత్తు సరిచేస్తూ ఊరుకోలేదు. "బావా, సీటు కింద ఇంజను ఉండదు. దారిలో దిగి వెతక్కు."

"నీ షాపుని చూస్తేనే తెలుస్తోందిలే, ఇందులో ఏదీ నడవదని" అన్నాడు బావ. చాలా రోజుల తర్వాత అతని నోట్లోంచి వచ్చిన పొడుగాటి మాట అది. ఆమె మొహం తిప్పుకుని నవ్వుకుంది.

ఊరి చివరి ఇల్లు దాటగానే అడవి మొదలైంది. చెట్లు రెండు వైపుల నుంచీ వంగి కొమ్మలు కలుపుకున్నాయి. ఎండ చిల్లర చిల్లరగా రోడ్డు మీద రాలుతోంది. రాలిన ఆకుల మీద చక్రాలు వెళ్తుంటే కొత్త గుడ్డ చింపినట్టు సన్నని చప్పుడు. మొదటి మలుపు రాగానే అతను "పోం... పోం" అని గట్టిగా అరిచాడు. అరిచి, సైకిల్ని రోడ్డు బయటి అంచుదాకా తీసుకెళ్లి, వెనక పెద్ద పెద్ద దుంగలున్నట్టు విశాలంగా తిప్పాడు.

"ఎవరొస్తారండీ ఇక్కడికి?"

"ఎవరూ రారనుకున్న చోటే వస్తారు."

ఆమె అతని వెనకే వెళ్లలేదు. మలుపు లోపలి అంచుని పట్టుకుని చటుక్కున కోసుకుంటూ పోయింది. బెత్తెడు గుడ్డ కూడా వృథా చేయని చెయ్యి ఆమెది. దారినీ అలాగే కత్తిరించింది. ప్రతి మలుపులోనూ అతని కన్నా ముందు బయటపడి, వెనక్కి తిరిగి గర్వంగా చూసింది. కెటిల్ మలుపు దగ్గరికొచ్చేసరికి ఆమె ఊపిరే మరిగింది. కాళ్లు ఎవరో కట్టేసినట్టయ్యాయి. దిగిపోయి గట్టు మీద కూలబడింది.

ఇక చాలనిపించింది. కానీ తను ఇక్కడి నుంచి వెనక్కి తిరిగితే ఆయనా హాయిగా తిరిగేస్తాడు. ఇంటికి వెళ్లి ఆ కుర్చీలోనే కూర్చుంటాడు. ఇక ఎప్పటికీ లేవడు. అది తలుచుకుంటే కాళ్ల నొప్పికన్నా ఎక్కువ నొప్పి పుట్టింది.

వెనక నుంచి అతను తాపీగా వచ్చాడు. చెమట పట్టింది కానీ ఆయాసం లేదు. వెళ్లిపోదామని అంటాడేమో అని ఆమె ఎదురుచూసింది. అతను ఆమె సైకిల్ని నిలబెట్టి, గొలుసు వంక చూసి, ఆమె వంక చూశాడు.

"లోపలినుంచి ఎందుకు వస్తున్నావు? నిచ్చెన ఎక్కుతున్నావా? బయటి అంచు పట్టుకుని రా."

"అటు దూరం ఎక్కువ కదా!"

"దూరం ఎక్కువే. ఎత్తు నిదానంగా వస్తుంది. లారీని నేను లోపలినుంచి తెచ్చి ఉంటే ఇదే చోట ఏనాడో వెనక్కి జారేవాణ్ణి."

ఆమె మలుపుని కాసేపు చూసింది. అది రోడ్డులా కాక, పరిచిన గౌనులా కనిపించింది. నడుము దగ్గర గుడ్డంతా ఇరుగ్గా, నిటారుగా పోగుపడుతుంది. అంచు దగ్గర మాత్రం తాపీగా పరుచుకుంటుంది. ఇన్నేళ్లూ గౌన్లు కుట్టి, తను నడుము మీదుగా ఎక్కబోయిందన్నమాట. నవ్వొచ్చింది. లేచింది.

ఈసారి అతను ముందు, ఆమె వెనక. అతని చక్రం వెళ్లిన చోటే ఆమె చక్రం. మలుపు దగ్గర ఆమె కూడా "పోం" అంది. గుడ్డి మలుపు తిరిగాక అతను ఉన్నట్టుండి కాలు ఆనించి ఆగిపోయాడు.

"ఏంటా చప్పుడు?"

ఆమె చెవి ఒగ్గింది. గట్టు కింద, పచ్చని పొదల మాటున ఓ సన్నని వాగు తనలో తను మాట్లాడుకుంటూ దిగుతోంది. నీళ్లండీ, అంది. అతను కిందికి వంగి పొదలు తప్పించి చూశాడు. దారి పొడుగునా వాగు వాళ్ల పక్కనే వస్తోంది.

"ఇన్నాళ్లూ ఇది ఇక్కడే ఉందా?"

"మీరెప్పుడూ చెప్పలేదే."

"నాకు వినబడితే కదే చెప్పడానికి" అన్నాడు అతను మెల్లగా. అతని చెవుల్లో ఇన్నేళ్లూ ఇంజనే ఉంది.

అక్కడి నుంచి అతను పోం అనడం మానేశాడు. మలుపు ముందు ఆగినట్టు నెమ్మదించి, వింటూ తిరిగాడు. పిట్ట ఏదో కూస్తే చెయ్యెత్తి ఆమెకి చూపించాడు. ఈల మలుపులో గాలి నిజంగానే ఈల వేసింది. చివరికి రాతి తొట్టి వచ్చింది. ఇంటంత తొట్టిని ఊహించుకుంది ఆమె. ఇది తను బట్టలు నానబెట్టుకునే తొట్టి పాటిది. దోసిలి పట్టి తాగింది. పళ్లు జివ్వుమన్నాయి. చల్లదనం మాత్రం ఆయన చెప్పినంతే ఉంది.

వాగు వినబడిన ఆ మలుపుకి ఏం పేరు పెడతారు అని అడిగింది. అతను మూతి తుడుచుకుని, ఇప్పుడే కాదన్నాడు. ముందు ఇంకో నాలుగు సార్లు వినాలట.

మర్నాడు కుట్టుగదిలోని కుర్చీ మీద కుట్టాల్సిన బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. అతను కూర్చోవడానికి వచ్చి, చోటు లేక, గుమ్మం దగ్గర నిలబడి కొండని చూస్తున్నాడు. వచ్చే సెలవుకి అవతలి వైపు కూడా దిగి చూద్దామా, అటు వాగు ఉందో లేదో అన్నాడు.

ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు.

"లోడు దిగగానే వెళ్దాం."

అతను గుట్టని చూశాడు, ఆమెని చూశాడు. పైనున్న చొక్కా తీసుకుని, గుండీల డబ్బా ఎక్కడుందని అడిగాడు.