ఓడెక్కకూడదన్నారు

దీవి మీది ఎర్ముపోలి రేవులో ఓడ ఆగేది కాఫీ చల్లారేంత సేపే. ఆ కాస్తలోనే లినార్దోస్ మిఠాయి బుట్ట చేతికి తగిలించుకుని ఓడెక్కాలి. ‘లూకూమీ! గులాబీ లూకూమీ!’ అని అరుస్తూ డెక్కంతా చుట్టాలి. చిల్లర ఇవ్వాలి. లంగరు గొలుసు కదిలేలోపు కిందికి దూకాలి. మీసాలు రాని వయసులో మొదలుపెట్టాడు. ఇప్పుడు జుట్టు, కనుబొమలు, చేతులు అన్నీ ఒకటే తెలుపు. అందులో ముసలితనం ఎంతో, మిఠాయి మీద చల్లే పంచదార పొడి ఎంతో భార్య రోజాకే తెలియదు.

అలాంటి మనిషిని ఇక ఓడెక్కకూడదన్నారు.

రేవు కార్యాలయం గోడ మీద ఉత్తర్వు అంటించారు. శుభ్రత అట, భద్రత అట. ఓడ లోపలి కొట్లో మాత్రం ఏథెన్స్‌లో మిషన్ మీద చేసిన లూకూమీని ప్లాస్టిక్ చుట్టి అమ్ముకోవచ్చట. ఆ పెట్టె మీద ఎర్ముపోలి టౌన్‌హాల్ బొమ్మ! ఈ దీవి ఉప్పునీళ్లు పడితే తప్ప లూకూమీకి ఆ సాగుడు రాదని ఇక్కడ చంటిపిల్లనడిగినా చెబుతుంది. బొమ్మ ఈ ఊరిది, నీళ్లు ఎక్కడివో.

అది చాలదన్నట్టు ఉపమేయర్ మావ్రికోస్ రేవు పక్క కాఫీ కొట్టుకు వచ్చాడు. చేతిలో కుట్టుపని చేసిన కొత్త తెల్ల ఏప్రాన్లు. రేవులో మిగిలిన నలుగురు అమ్మకందారుల్లో లినార్దోస్, స్ట్రాటిస్ అప్పుడే కూర్చున్నారు.

“బార్బా లినార్దో! నీ కోసమే వెతుకుతున్నా.”

ఊళ్లో చిన్నవాళ్లు పెద్దవాళ్లను బార్బా అనే పిలుస్తారు. ఓట్లు కావలసినవాళ్లు మరికాస్త సాగదీసి పిలుస్తారు.

“శనివారం లూకూమీ పండుగ పెడుతున్నాం. మీ నలుగురూ ఇవి కట్టుకుని రేవులో వరసగా నిలబడాలి. టీవీవాళ్లు వస్తున్నారు. మీరే మన వారసత్వం, బార్బా!”

“నిలబడి?”

“నవ్వాలి.”

“అమ్మొద్దూ?”

“అమ్మడమెందుకు? బుట్ట నిండుగా కనబడడానికి అట్టపెట్టెలు చేయించాం. లోపలేం ఉండదు. మీకు బరువు కూడా ఉండదు.”

స్ట్రాటిస్ కాఫీ కప్పు ఠక్కున కింద పెట్టాడు. “బతికుండగానే మ్యూజియంలో పెడుతున్నావేంరా మావ్రికో? పొట్ట కోసి గడ్డి కూరుతావా, అలాగే వదిలేస్తావా?”

“నువ్వాగు స్ట్రాటి, పెద్దాయనతో మాట్లాడుతున్నా.”

“నన్ను ఓడెక్కనివ్వు,” అన్నాడు లినార్దోస్. “నవ్వమంటే నవ్వుతా. గంతులేయమన్నా వేస్తా.”

“అది నా చేతుల్లో లేదు బార్బా. పైనుంచి వచ్చింది.”

“పైనుంచి వచ్చేవి రెండే. ఒకటి వాన, రెండోది పిట్ట రెట్ట. నువ్వు తెచ్చింది వాన కాదు.”

కాఫీ కొట్టంతా నవ్వింది. లినార్దోస్ నవ్వలేదు. ఈ ఊరిని ఎవడు కట్టాడు? ఖియోస్, ప్సారా దీవుల నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పడవల్లో వచ్చిపడ్డవాళ్లు కట్టారు. వాళ్లు అమ్మినదంతా ఓడలకే అమ్మారు. పాలరాయి టౌన్‌హాల్, పాటల నాటకశాల, సముద్రంలోకి తొంగిచూసే వపోరియా పేట మేడలు అన్నీ ఆ డబ్బుతో లేచినవే. ఆ ఓడలకు బొగ్గు మోసి మోసి నల్లబడి పోయాడు లినార్దోస్ తాత, ఊరి పైకొండ మీద కాపురమున్న క్యాథలిక్. తర్వాత పిరేయస్ రేవు బలిసింది. ఓడలు అటు తిరిగాయి, మేడల కిటికీలు మూతబడ్డాయి. ఇప్పటికీ ఆగే ఆ నాలుగు ఓడలకు ఈ ఊరు తన చేత్తో అందిస్తున్నది ఈ బుట్టల్లోని మిఠాయి ఒక్కటే. దాన్నీ దించేసి, దించిన చోటనే నిలబడి నవ్వమంటున్నారు!

శనివారం వచ్చింది. నలుగురూ నిలబడ్డారు. బ్యాండు మోగింది. మావ్రికోస్ తాను కూడా ఏప్రాన్ కట్టుకుని కెమెరా ముందు పళ్లికిలించాడు. లినార్దోస్ మాత్రం అట్టపెట్టెలు పట్టలేదు. తన పాత బుట్ట తెచ్చాడు, నిండా తెల్లవారుజామున కోసిన లూకూమీతో.

ఓడ వెనక వైపు తిప్పి రేవుకు ఆనింది. ర్యాంపు పడింది. పైడెక్కు కటకటాల మీంచి ఒక ముసలావిడ చెయ్యూపింది. “బార్బా! రెండు డబ్బాలు ఇటు! టీనోస్‌కి పోతున్నా, మా కోడలికి కానుపైంది!”

“కిందికి రా తల్లీ!”

“ఈ మోకాళ్లతోనా? నేను దిగేసరికి ఓడ పోతుంది. నువ్వే రా! ఇన్నేళ్లూ వచ్చేవాడివిగా, ఏం రోగం నీకివాళ?”

అంతే. లినార్దోస్ వరస తప్పి ర్యాంపు ఎక్కేశాడు.

“దించండి! ఆపండి!” మావ్రికోస్ వెనకే పరుగెత్తాడు. లినార్దోస్ పైడెక్కు చేరి ముసలావిడకు డబ్బాలిస్తుండగా ఉపమేయర్ వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. “దిగు బార్బా, నా పరువు తీయకు!” అతను లాగుతున్నాడు, లినార్దోస్ విదిలించుకుంటున్నాడు. ఈ గొడవలో గొలుసు కదిలిన చప్పుడు లినార్దోస్ ముసలి చెవులకు అందలేదు. చూసేసరికి రేవుకీ ఓడకీ మధ్య నీళ్లు.

“ఇప్పుడు దిగమను,” అన్నాడు లినార్దోస్.

దిగడం మరిచి ఓడతో కొట్టుకుపోయినవాణ్ణి ఊరు వదలదు. తర్వాతి రేవు టీనోస్, మేరీమాత మొక్కుల దీవి. తిరిగి రాగానే ‘మొక్కు తీరిందా?’ అని ఏడాది పొడుగునా ఏడిపిస్తారు. లినార్దోస్ ఇన్నేళ్లలో ఆ మాట పడలేదు. ఇవాళ పడ్డాడు. పడితే పడ్డాడు, బుట్ట ఉంది కదా! “లూకూమీ!” అని గొంతెత్తాడు. జనం ఎగబడ్డారు.

ఏప్రాన్ కట్టుకున్నవాళ్లు ఇద్దరు. జనానికి మేయరెవరో మిఠాయివాడెవరో ఏం తెలుసు?

“ఒరేయ్, నీ దగ్గర బాదం వేసింది ఉందా?” ఒకతను మావ్రికోస్ చొక్కా పట్టుకున్నాడు.

“నేను ఉపమేయర్ని!”

“అయితే తొందరగా ఇవ్వు.”

ఓడ అధికారి ఒకడు వచ్చి గుడ్లురిమాడు. “అమ్మకందారులు ఎక్కకూడదని తెలీదూ? టికెట్లేవి?”

“ఆ ఉత్తర్వు మీద సంతకం నాదే!” అన్నాడు మావ్రికోస్.

“అయితే మీకు మరీ బాగా తెలియాలి,” అన్నాడు అధికారి. ఇద్దరినీ టీనోస్‌లో దించేశాడు.

మికోనోస్ దాకా పోయి అదే ఓడ సాయంత్రం తిరిగి రావాలి. టీనోస్ వీధిలో మొక్కుకున్న ఆడవాళ్లు మోకాళ్ల మీద గుడికి పాకుతున్నారు. మావ్రికోస్ రేవు గట్టు మీద కూలబడ్డాడు.

“బార్బా, టీవీవాళ్లు అడుగుతారు. నిన్ను గౌరవంగా సాగనంపడానికే నేను ఎక్కానని చెప్పు. నీకొక్కడికి అనుమతి ఇప్పిస్తా. చచ్చేదాకా ఓడెక్కు.”

లినార్దోస్ సముద్రం వైపు తిరిగాడు. అతను అడిగింది అదేగా? రోజా ఎగిరి గంతేస్తుంది. ఒక్క మాట చెబితే చాలు.

“మరి స్ట్రాటిస్? మిగతా ఇద్దరు?”

“అందర్నీ ఎక్కిస్తే ఉత్తర్వెందుకు బార్బా?”

“నేనూ అదే అడుగుతున్నా. ఎందుకు?” అతను గిరుక్కున ఇటు తిరిగాడు. “మొన్న అదేమో పైనుంచి వచ్చింది. ఇప్పుడు నీ జేబులోంచి ఒకటి తీసిస్తానంటున్నావు. అంటే ఇన్నాళ్లూ నీ చేతిలోనే ఉందన్నమాట! నలుగురి కూడు గుంజుకుని ఒకడికి విసిరితే ఆ ఒకడు తోకాడిస్తాడనుకున్నావా? పో, నీ అనుమతి నువ్వే తిను.”

సాయంత్రం టికెట్లు కొనుక్కుని ఇద్దరూ ఎక్కారు, చెరో మూల కూర్చున్నారు. ఎర్ముపోలిలో ర్యాంపు పడేసరికి రేవు కిక్కిరిసి ఉంది. “మావ్రికో! మొక్కు తీరిందా?” అని అరుపులు. ముందు వరసలో స్ట్రాటిస్, మిగతా ఇద్దరు నిజమైన బుట్టలతో నిలబడ్డారు.

లినార్దోస్ దిగలేదు. ర్యాంపు నడిమధ్యన నిలబడి, “ఎక్కండ్రా!” అన్నాడు.

ఓడ అధికారి మావ్రికోస్ వైపు చూశాడు. “ఏం సార్, ఉత్తర్వు మీదే కదా. ఆపమంటారా?”

కెమెరా అటే తిరిగింది. ఊరంతా అటే చూసింది. మావ్రికోస్ ఏప్రాన్ ముడి విప్పబోయి విప్పలేక, అలాగే తల వంచుకుని జనంలోంచి దిగిపోయాడు.

“సార్ ఏమీ అనలేదు,” అన్నాడు అధికారి. “నేనూ ఏమీ వినలేదు.”

ముగ్గురూ బిలబిలా ఎక్కారు. ఆ ఉత్తర్వు ఇప్పటికీ గోడ మీదే ఉంది. తీసేసే ధైర్యం లేదు అది అంటించినవాళ్లకి, అడ్డుపడే మొహమూ లేదు. ఆ సాయంత్రం లినార్దోస్ దగ్గర అమ్మడానికి ఏమీ మిగల్లేదు. అయినా గొలుసు కదిలి, ముగ్గురూ కిందికి దూకేదాకా ర్యాంపు మీదనుంచి కదల్లేదు.