కోరస్‌లో నయమైన నత్తి

మాటల టీచరుకు ముక్కు మీదే కోపం. నాలుగు ప్రభుత్వ పాఠశాలలకు ఆవిడ ఒక్కతే దిక్కు. నత్తి ఉన్న పిల్లలకు, మాట సరిగా తిరగని పిల్లలకు వారానికో గంట సాధన చేయించాలి. గది కావాలని అడిగితే ఈ బడి హెడ్మాస్టరు మెట్ల కింద చీపుళ్ళు, విరిగిన బెంచీలు పడేసే కొట్టు చూపించాడు. "మాట్లాడుకోవడానికి ఇంతకంటే ఏం కావాలమ్మా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. "ఊరందరికీ మాటలు నేర్పుతావు, నీ నోటికి తాళం వేసే విద్య మాత్రం నేర్చుకోలేదు" అని ఇంట్లో మొగుడు దెప్పుతుంటాడు.

ఆ కొట్లోకి గురువారం గురువారం ఐదో తరగతి పిల్ల ఒకతె వచ్చేది. సన్నగా ఉంటుందని అందరూ పిట్ట అనేవారు. పేరు చెప్పాలంటే గడ్డం వణికేది, కళ్ళు గట్టిగా మూసుకునేది. రెండేళ్ళు అద్దం ముందు కూర్చుని, ఊపిరి వదులుతూ మెల్లగా మాట మొదలుపెట్టడం నేర్చుకుంటే, ఇప్పుడిప్పుడే టీచరుతో నాలుగు ముక్కలు మాట్లాడుతోంది. ఆ నాలుగు ముక్కలకే టీచరు పొంగిపోయేది.

ఒకరోజు హెడ్మాస్టరు ఎదురొచ్చి, "పిట్టకి నయమైపోయింది. మీ జాబితాలోంచి పేరు కొట్టేస్తున్నా" అన్నాడు.

"ఎవరు చెప్పారండీ?"

"నా చెవులారా విన్నాను. క్లాసంతా పాఠం చదువుతుంటే గడగడా చదివేసింది!"

టీచరుకు ఒళ్ళు మండింది. "నలుగురితో కలిసి చదివితే నత్తి రాదండీ. నత్తి ఉన్న పిల్లలందరికీ అంతే. ఎదుటివాళ్ళతో ఒక్కరే మాట్లాడేటప్పుడే బయటపడుతుంది."

"అంటే నత్తి పోతే మీ ఉద్యోగం పోతుందనా మీ బాధ?"

ఎంత మాట! ఆ మనిషికి నోరెలా వచ్చింది? వారం రోజులు ఆవిడకు అన్నం సహించలేదు.

తనిఖీ అధికారి వచ్చిన రోజు హెడ్మాస్టరు ఆయన్ని నేరుగా ఐదో తరగతికి తీసుకెళ్ళాడు. మాటల టీచరు కూడా వెనకే వెళ్ళింది. పిల్లలంతా ఒక్క గొంతుతో పాఠం అందుకున్నారు. ముందు బెంచీలో పిట్ట ఎక్కడా తడబడలేదు. "చూశారుగా సార్! ఈ పిల్లకే వారానికో గంట దండగ చేస్తున్నారు" అన్నాడు హెడ్మాస్టరు. అధికారి జాబితా తెరిచి కలం తీశాడు. ఆ గీత పడితే పిట్ట గంట పోయినట్టే.

హెడ్మాస్టరు మీసాల చాటున నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడగానే టీచరుకు ఇంకేమీ గుర్తు రాలేదు.

"లేవవే పిట్టా. ఆ పాఠమే నువ్వొక్కదానివే చదువు."

పిట్ట ఆవిడ వంక చూసింది. మెల్లగా లేచింది. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసింది. గడ్డం వణికింది, కళ్ళు మూసుకుపోయాయి. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు, ఆ తర్వాత క్లాసంతా నవ్వింది. "చాలు, చాలు" అంటూ అధికారి కంగారుగా కలం మూశాడు. "ఆ గంట అలాగే ఉండనివ్వండి."

హెడ్మాస్టరు మొహం మాడిపోయింది. టీచరు ఆ రోజంతా తేలిపోతూ తిరిగింది.

గురువారం పిట్ట వేళకే వచ్చి అద్దం ముందు కూర్చుంది. నోరు మాత్రం విప్పలేదు.

"గంట నిలబెట్టుకున్నాం కదే! ఆయన మొహం చూశావా?" అంది టీచరు.

చాలాసేపటికి పిట్ట పెదవులు కదిలాయి. "ఆయనకి తె... తెలీదు. మీ... మీ... మీ..."

తర్వాతి మాటేమిటో టీచరుకు అప్పుడే అర్థమైంది. కానీ పిల్ల మాట మనం అందించకూడదు, ఎంతసేపైనా ఆగాలి. అది ఆవిడ వృత్తిలో మొదటి నియమం. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చూపు తిప్పుకోకుండా కూర్చుంది.

"...మీకు తెలుసు" అంది పిట్ట.