వరసలో చివరి నంబరు

పద్దెనిమిదేళ్లయింది. గొంతులో ముల్లు దిగినట్టే ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లోవాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను.

సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మేడమీద గదిలో, ఎస్సెమ్మెస్‌లు పంపే సాఫ్ట్‌వేర్ రాసేదాన్ని. రోజూ ఉదయం కలకత్తా దగ్గరి హౌరా మార్కెట్ చేపల రేటు మా సిస్టమ్ నుంచి కైకలూరు వైపు చేపలు కొని అక్కడికి పంపే షావుకార్లందరికీ వెళ్లేది. మెసేజ్‌లు క్యూలో నిలబడతాయి. ముందొచ్చింది ముందు పోవాలి. ఆ క్యూ రాసింది నేనే. రేటు ముందు తెలిసినవాడు చేపల చెరువు రైతుకి ఫోన్ చేసి సరుకు మాట్లాడుకుంటాడు. పావుగంట వెనకబడితే ఆ రోజు చేతులు ఖాళీ.

ఒకరోజు లిస్టులో కొత్తగా చేరిన పేరు చూశాను. అది నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒక షావుకారు పేరు.

నాకు పన్నెండేళ్లప్పుడు మా నాన్న కొల్లేట్లో పట్టిన చేపలు తీసుకుని ఆ షావుకారు షెడ్డుకి అందరికంటే ముందు వెళ్లాడు. వెంట నేనూ ఉన్నాను. వాడు తనకి కావలసినవాళ్ల తట్టలన్నీ ముందు తూకం వేయించి, మమ్మల్ని మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టాడు. చేపలు మెత్తబడ్డాయి. అప్పుడు తట్టని కాలితో తన్ని, "కుళ్లిన సరుకు నాకంటగడతావా?" అని నాన్నని చెంప మీద కొట్టాడు. నాన్న కింద పడ్డ చేపలు ఏరుకున్నాడు. దారిలో నా మొహం చూడలేదు.

నేను రాసింది నాలుగు లైన్లు. ఆ నంబరు ఎప్పుడూ చివర. అందరికీ వెళ్లాక ఇరవై నిమిషాలు ఆగి వెళ్లాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ నాలుగు నెలలూ నాకు అన్నం రుచిగా ఉంది. వాడు ఏ రైతుకి ఫోన్ చేసినా "ఇచ్చేశామండీ" అనే మాటే వినపడుతుంటుందని తలుచుకుని నవ్వుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం యాభై దాటిన మనిషి ఒకాయన మా మెట్లెక్కి వచ్చాడు. ఆ షావుకారు గుమస్తా. రేట్లు వచ్చే ఫోను ఉండేది ఈయన దగ్గరట.

"మెసేజ్ రోజూ లేటుగా వస్తోందమ్మా. నేను రేటు పక్కవాళ్లకి ముందు చెప్పేసి, తర్వాత తనకి చెబుతున్నానని మా షావుకారుగారి అనుమానం. తప్పు నాది కాదని ఒక్క ముక్క రాసివ్వండి, చూపించుకుంటాను."

"మా దగ్గర్నుంచి అందరికీ ఒకేసారి వెళ్తుందండీ. టవర్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది."

"పోనీ, అదే రాసివ్వండమ్మా."

"అలా రాసివ్వడం కుదరదండీ."

ఆయన తలూపాడు. మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు.

ఆయన మెట్లు దిగేలోపు ఆ నాలుగు లైన్లూ తీసేయొచ్చు. ఎందుకు తీయలేదు? షావుకారు వ్యాపారం అప్పటికే దెబ్బతింటోంది, ఇంకొక్క వారం ఆగితే షెడ్డు మూతపడుతుందనుకున్నాను. గుమస్తా సంగతి ఆలోచించలేదా? ఆలోచించాను. ఆలోచించే ఆగాను.

వారం తిరక్కుండానే షావుకారు ఆయన్ని షెడ్డులో అందరి ముందూ చెప్పుతో కొట్టి, దొంగ అని గెంటేశాడు. ఇంకో షావుకారు ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు నాకు. ఆ సాయంత్రమే లైన్లు తీసేశాను. భయంతో తీశాను, మంచితనంతో కాదు. మర్నాటి నుంచి ఆ ఫోనుకి మెసేజ్‌లు టైముకి రావడం మొదలైంది. గుమస్తా పోగానే అంతా సర్దుకుంది! ఊరికి ఇంకేం రుజువు కావాలి? ఆయన దొంగతనాన్ని నా చేత్తో నేనే నిజం చేశాను.

కైకలూరులో ఆయనకి మళ్లీ ఎవరూ పని ఇవ్వలేదు. పామర్రులో ఒక ఎరువుల కొట్లో ఉన్నాడని తెలిసి బస్సెక్కి వెళ్లాను. రోడ్డుకి ఇవతల నిలబడి చూశాను. బస్తా మీద కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. బాగా చిక్కిపోయాడు. నేను రోడ్డు దాటలేదు.

షావుకారు షెడ్డు మూతపడలేదు. వాడి మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు, వాడికి చేసినదానికి నాకు బాధ లేదు. అదీ ఒప్పుకోవాలిగా.

ఆ గుమస్తాగారు రేటు ఎవరికీ చెప్పలేదు. మెసేజ్ ఆపింది నేను. ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. రాశాక ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్తోంది. ఆయనకి మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు.