కంచుకం చంకలో తెల్ల ముక్క

ఆ రోజుల్లో లోకంలో అందరూ నన్ను మోసం చేయడానికే నిద్ర లేస్తారని నా గట్టి నమ్మకం. కొత్తగా ఉద్యోగంలో చేరిన వయసు కదా, అనుమానించడమే తెలివనుకునేదాన్ని. (కూరగాయలావిడ తూకం వేస్తుంటే తక్కెడ మానేసి ఆవిడ కళ్లలోకి చూసేదాన్ని!) ఏలూరులో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. వార్షికోత్సవ నాటకానికి వేంగి రాజుల కాలం నాటి దుస్తులు చేయించమని ప్రిన్సిపాల్‌గారు నాకు పురమాయించారు. "వాళ్ల రాజధాని పెదవేగి మన పక్కనే ఉందండీ, పరువు పోకూడదు" అన్నారు. పాత శిల్పాల ఫొటోలు చూసి, అంతఃపురం కాపలావాళ్లకు రెండు కంచుకాలు, అంటే మోకాళ్లు దాటి దిగే, పొడుగు చేతులున్న చొక్కాలు, కుట్టించాలని తేల్చాను.

తాడేపల్లిగూడెం దగ్గర పల్లెలో ఉండే నేత బాబాయిగారు, నాన్నగారికి బాగా తెలిసినాయన, పన్నెండు మూరల గోధుమవన్నె నూలు గుడ్డ నేసి ఇచ్చారు. ఇంటికి తేగానే అనుమానం. ఇది మగ్గం గుడ్డేనా, మిల్లుదానికి గంజి పట్టించారా? ఎవరికీ చెప్పకుండా మరిగే నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, ఎప్పటిలా మడతపెట్టేశాను. గుడ్డ పరీక్షలో నెగ్గింది. దాన్ని పక్కింటి కుట్టు అత్తయ్యగారికిచ్చి, "పన్నెండు మూరలుందండీ" అని నొక్కి మరీ చెప్పాను.

వారానికి కంచుకాలు వచ్చాయి. ఒకదాని రెండు చంకల్లోనూ వేరే గుడ్డ ముక్కలు, పాలలా తెల్లగా! టేపు పెట్టి అంతా కొలిచాను, మా గుడ్డ మూర తగ్గింది. అత్తయ్యగారిని ఒక్క మాట అడగలేదు. తిన్నగా ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్లి ఫిర్యాదు చేశాను. "అయితే పిల్లల యూనిఫారాలు ఆవిడకి ఇవ్వొద్దు లెండి" అన్నారాయన. ఆవిడ మిషను ఏడాది పొడవునా ఆడేదే ఆ యూనిఫారాలతో. అయినా నాకేమీ అనిపించలేదు.

పన్నెండు మూరలూ నేశానని బాబాయిగారి చేత చెప్పిద్దామని మర్నాడు బస్సెక్కాను. గుండుగొలను దాటేదాకా అత్తయ్యగారిని నిలదీసే మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను.

"పన్నెండూ నేశానండి అమ్మాయిగారూ. మీరు గానీ తడిపారా అండి?" అన్నారు బాబాయిగారు.

"కొంచెం…"

"వేణ్ణీళ్లా?"

తలూపాను. ఆయన మగ్గం ఆపి నా వంక చూశారు. "కొత్త నూలు తడుపుకి ముడుచుకుపోద్దండి. మూర పోయుంటది. కుట్టేవాళ్లకి ఆ మాట చెప్పొద్దా అండి?"

తిరుగు ప్రయాణంలో నాకు కిటికీలోంచి ఏమీ కనబడలేదు. నేరుగా అత్తయ్యగారింటికి వెళ్లి తడిపిన సంగతి చెప్పాను.

"తడుపుకి పోయిందటే!" అని ఆవిడ గుండె మీద చెయ్యేసుకున్నారు. "నువ్వే రవికకి ముక్క ఉంచుకున్నావనుకున్నానమ్మా. చిన్నపిల్ల, ముచ్చటపడిందేమో, కాలేజీలో తెలిస్తే మాటొస్తుందని మీ మావయ్యగారి కొత్త పంచె చింపి అతికాను. ఆయనకింకా తెలీదే!"

అప్పుడు ఫిర్యాదు సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ చాలాసేపు సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్నారు. ఎక్కలేదు. చివరికి, "ముందు వెళ్లి ఆ మాట సరిచేసి రా" అన్నారు.

పరుగున వెళ్లి సరిచేశాను. యూనిఫారాలు ఆవిడకే దక్కాయి. (ప్రిన్సిపాల్‌గారు మాత్రం "అయితే ఆ నేతాయన మీద ఓ కన్నేసి ఉంచండి" అన్నారు. నా జబ్బు ఆయనకీ అంటుకుంది.) వార్షికోత్సవం నాడు కాపలావాడు బల్లెం ఎత్తగానే చంకలో ముక్క తళుక్కుమంది. "అదీ ఆనాటి పద్ధతేనా అండీ?" అని నా పక్కన కూర్చున్న ముఖ్య అతిథిగారు ఆసక్తిగా అడిగారు. "అవునండీ" అన్నాను. రెండు వరసల వెనక అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పక్కనే మావయ్యగారు చప్పట్లు కొడుతున్నారు, పాపం.

ఇప్పటికీ అనుకుంటాను. ఆ వారం ఇద్దరం ఒకరినొకరు దొంగనే అనుకున్నాం. అలా అనుకుని ఆవిడ ఇంట్లో కొత్త పంచె చింపారు, నేను ప్రిన్సిపాల్ గదికి పరిగెత్తాను. టేపు పట్టుకుని కళ్లెర్రజేసిన ఆ పిల్ల గుర్తొస్తే ఈ వయసులో నవ్వొస్తుంది. కాసేపటికి నవ్వు ఆగిపోతుంది. అయినా ఆ పిల్ల మీద కోపం మాత్రం రాదు.