నాలుగో గిటారు

మా బ్యాండులో గిటారు వాయించే కళ్ళజోళ్ళాయనకి పగలంతా కళ్ళద్దాల షాపు, సాయంత్రమైతే గిటార్ల పిచ్చి. ఇంట్లో సోఫా మీద ఒకటి, బీరువా పక్కన ఒకటి, తలుపు వెనక ఒకటి ఉన్నాయి. నాలుగోది గడప దాటి లోపలికొస్తే మొదటి మూడూ వీధిన పడతాయని భార్య తేల్చి చెప్పేసింది. అందుకని ఈమధ్య కొన్న ఎర్ర గిటారుని గుట్టుగా లిఫ్టు మెకానిక్ ఇంట్లో దాచాడు. మెకానిక్ కూడా మా బ్యాండువాడే.

ఆదివారం అందరం ఎవరి గిటార్లు వాళ్ళు పట్టుకుని కళ్ళజోళ్ళాయనింట్లో చేరాం. మెకానిక్ పెట్టె తెరిచి ఎర్రదాన్ని తీశాడు. కళ్ళజోళ్ళాయన దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు కళ్ళు పెద్దవి చేశాడు.

"అబ్బ, ఏం నునుపు, ఏం నాదం. ఎక్కడ దొరికిందిరా నీకు?"

ఈయనకింత నటన వచ్చని నాకు తెలీదు. నవ్వాపుకోలేక దగ్గాను. ఆయన దాని మెడ నిమిరాడు, తీగలు మీటాడు, ఒళ్ళోంచి దించితే ఒట్టు.

టీ తెచ్చిన భార్యకి మొగుణ్ణి చూసి జాలేసింది.

"అన్నయ్యా, పాపం ముచ్చటపడుతున్నారు. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచి వెళ్ళండి. నేనేమీ అనను."

కళ్ళజోళ్ళాయన మొహం వెలిగిపోయింది. మెకానిక్ మాత్రం గిటారుని ఆయన ఒళ్ళోంచి మెల్లగా తీసుకుని పెట్టెలో పెట్టేశాడు.

"ఏమనుకోకు చెల్లెమ్మా. ఇంకేదడిగినా ఇస్తాను. ఇది నా ప్రాణం."

కళ్ళజోళ్ళాయన నోరు తెరిచాడు, భార్య వైపు చూశాడు, మూసేశాడు. ఆవిడ టీ కప్పు చేతికిస్తూ అనునయంగా చెప్పింది.

"పోనీలెండి. పరాయివాళ్ళ వస్తువు మీద అంత ఆశ పెట్టుకోకూడదు."