బూడిదతో గీసిన ఇల్లు

జంబిలా అత్త కలలో ఇల్లు ఎప్పుడూ పొగమంచులోనే ఉండేది. గోడలు కనిపించేవి కావు, తలుపు మాత్రం ఉండేది. అది తెరిస్తే లోపలినుంచి రొట్టె కాలుతున్న వాసన వచ్చేదట. మెలకువ రాగానే మూరెష్ నది చప్పుడు పరుపు కిందనుంచే వినిపించేది. ఏటా మంచు కరిగే రోజుల్లో ఆ నది ఆమె రేకుల గుడిసెలోకి పిలవని చుట్టంలా వచ్చి, తీరిగ్గా వెళ్ళేది. ఈసారి కోడలు క్రీనా కడుపుతో ఉంది. మళ్ళీ నది వచ్చేలోగా, పుట్టబోయే బిడ్డకు పొడి నేల మీద ఒక ఇల్లు కావాలి. అత్తకు అంతకుమించిన కోరిక లేదు.

నేనూ ఆ పేట పిల్లనే. రాగి కాగుల మీద సుత్తుల మోత వింటూ పెరిగాను. పట్నంలో సమాజశాస్త్రం చదివి, మా రోమా తెగ పేటలకు ఇళ్ళ పథకం రూపొందిస్తున్న ప్రభుత్వ సంఘంలో పనికి కుదిరాను. పథకం ఖరారయ్యే ముందు పేటవాళ్ళ అభిప్రాయం వినాలన్నది నియమం. అందుకని ఇంటి పటాన్ని ముందుగా తెచ్చి అత్తకు చూపించాను. వంటింటికీ మరుగుదొడ్డికీ మధ్య ఒకటే గోడ. అత్త వేలు ఆ గీత మీద చాలాసేపు ఆగిపోయింది.

“గోడకి ఇటు రొట్టె, అటు అదీనా! ఇందులో వండింది ఎవరి గొంతు దిగుద్దే?”

“ఆ మాట సంఘంవాళ్ళతోనే చెప్పత్తా.”

“ఎట్టా చెప్తానే? వస్తూనే కాఫీ తాగుతారుగా!”

నాకు వెంటనే అర్థమైంది. మా చేతి కాఫీ తాగిన అతిథికి, అతడు గడప దాటేదాకా, కాదన్న మాట చెప్పకూడదు. ఎగువ పేటలో అదే జరిగింది. అధికారులు వచ్చి కాఫీ తాగారు, తీపి రొట్టె తిన్నారు, “బాగుందా?” అని అడిగారు. అందరూ బాగుందన్నారు. ఇళ్ళు లేచాయి. ఇప్పుడక్కడ మరుగుదొడ్లలో బాతులు కాపురముంటున్నాయి, ఆడవాళ్ళు వానలో తడుస్తూ పెరట్లో వండుకుంటున్నారు. అక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. అతిథిని గౌరవించారు, అంతే.

సమావేశం నాటి ఉదయం అత్త పొయ్యిలోని బూడిదను బకెట్టుకెత్తుకుని, ఇళ్ళు కట్టాలనుకుంటున్న, నదికి ఎగువనున్న గడ్డిమైదానానికి వెళ్ళింది. పొగమంచులో ఆమె పొడవాటి పూల లంగా ఒక్కటే కదులుతూ కనిపించింది. ఆ లంగా సాగిన వెంటే నేల మీద బూడిద గీతలు పుట్టుకొచ్చాయి.

ప్రభుత్వ సంఘం పెద్దావిడ వ్లైకు గారు అక్కడికి వచ్చేసరికి, మా పేట పెద్ద గ్రోఫో మామ నల్లటోపీ సర్దుకుని నిలబడి ఉన్నాడు.

“కాఫీ ఏదే జంబిలా?”

“ఇంకా కాలేదు మామా.”

“అదిగో, ఆ రాళ్ళ పొయ్యి మీద పొంగుతున్నది నాకు కనపడట్లేదా? ముసలోణ్ణే కానీ గుడ్డోణ్ణి కాదు!”

“మాటలయ్యాక పోస్తాలే.”

“పేట పరువు తీస్తున్నావే!”

“పోతే నేనే వెతికి తెచ్చిస్తాగా. ముందు ఇల్లు చూడనీ.”

మా రోమానీ భాష రాని వ్లైకు గారు నా వైపు తిరిగారు. “మీరు కాఫీ తాగితే ఈవిడ మీకు కాదని చెప్పకూడదు” అన్నాను. వ్లైకు గారు ఒక్క క్షణం ఆలోచించి, సంచి గడ్డి మీద పెట్టారు.

“అయితే ఆగుదాం. కానీ కాస్త తొందరగా కానివ్వండి, నాకింకా నిద్రమత్తు వదల్లేదు.”

అలా అంటూనే అడుగు వేశారు. క్రీనా పకపకా నవ్వింది. “అయ్యో అమ్మగారూ, గోడలోంచి వచ్చేశారు! తలుపు ఇటుంది.”

వ్లైకు గారు వెనక్కి వెళ్ళి తలుపులోంచి వచ్చారు. అప్పటినుంచీ ఆ ఇంటిని అందరూ నమ్మారు. గ్రోఫో మామ కూడా, తనకు తెలియకుండానే, గడప దగ్గర టోపీ తీశాడు.

“ఇది పొయ్యి. ఇక్కడ ఉయ్యాల” అంది అత్త; ఇటు మాట అటు, అటు మాట ఇటు నేనే చెబుతున్నాను. “అది మాత్రం ఇంట్లో ఉండకూడదు. అదిగో, ఆ అక్రోటు చెట్టు అవతల, వేరే కప్పు కింద. ఇట్టాగైతే కావాలి. లేదంటే...”

నది శబ్దం దగ్గరికొచ్చినట్టయింది. అత్త చేయి క్రీనా భుజాన్ని వెతుక్కుంది.

“లేదంటే మాకొద్దు.”

వ్లైకు గారు చెట్టుదాకా దూరాన్ని కళ్ళతో కొలిచారు. మెల్లగా అన్నారు. “అంత దూరమైతే చలికాలం గొట్టంలో నీళ్ళు గడ్డకడతాయి. ఇంటి చివరే కట్టి, తలుపు బయటికి పెట్టి, వంటింటికీ దానికీ మధ్య కట్టెల గది వేస్తే?”

తానే గుప్పెడు బూడిద తీసి గీశారు. అత్త ఆ లేని గది చుట్టూ నడిచింది. లేని గోడకు చెవి ఆనించినట్టు ఆగింది.

“రొట్టెకి దాని గాలి తగలదుగా?”

“తగలదు. కానీ ఇది నా ఒక్కదాని చేతిలో లేదు. పటం మార్చమని నేను అడుగుతాను. మీరూ పట్నం వచ్చి, సంఘం ముందు ఇదే మాట చెప్పాలి.”

“నేనా! అక్కడ కాఫీ ఇస్తారా?”

“ఇస్తారు.”

“మాటలయ్యేదాకా ముట్టుకోను. ముందే చెప్తున్నా.”

గ్రోఫో మామ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అత్త వెళ్ళి కాఫీ తెచ్చింది. మొదటి చుక్కలు, పోయిన పెద్దల కోసం, గడప దగ్గర నేలకు పోసింది. ఆ తర్వాత అందరికీ పంచింది. పొగమంచు విడిపోతూ ఉండగా గాలి వచ్చి బూడిద గీతలను కొంచెం కదిపింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఒక్కరూ గోడ తొక్కలేదు. అందరం తలుపులోంచే బయటికి వచ్చాం.