వేసుకోని కోటు

కడపలో నేను వెళ్ళే జిమ్‌లో కుస్తీ రెండు రకాలు. ఒకటి మందపాటి తెల్లకోటు వేసుకుని, ఎదుటివాళ్ళ కాలరో కోటుచెయ్యో పట్టుకుని పడగొట్టేది. రెండోది ఒంటికి అతుక్కునే బనియనుతో, పట్టుకోవడానికి గుడ్డే లేకుండా ఆడేది. మొదట్లో రెండూ నేర్చుకున్నాను. కోటులో నా పని అంతంతమాత్రం. నా కాలరు చిక్కిందంటే అక్కడితో సరి. కోటు లేకపోతే మాత్రం సబ్బుబిళ్ళలా జారిపోయేదాన్ని. పోటీలు దగ్గరపడ్డాక సార్, "ఏదో ఒకటి తేల్చుకోమ్మా. రెండూ అంటే యాడా నిలబడలేవు" అన్నారు.

ఇంకో ఆలోచన లేకుండా కోటు వద్దన్నాను. ఇంటికొచ్చే బస్సెక్కాక గానీ నాయన గుర్తుకు రాలేదు. ఆ కోటు గుడ్డ నేసింది ఆయనే.

మాది మైదుకూరు దగ్గర నేతపని చేసే ఇల్లు. నడుం నొప్పితో నాయన చీరలు నేయడం మానేశాడు. కాళ్ళు గుంటలోకి దించి వంగి నేసే గుంటమగ్గంలో కూర్చోవద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. అయినా, కొన్న కోటు నాకు వదులైందని, దారం జంటగా వేసి ఆ గుడ్డ నేశాడు. కుట్టించి తెచ్చి, కాలరుకు పసుపు రాసి ఇచ్చాడు. ఆయన్ను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. అది వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? చెప్పలేదు. రోజూ కోటు సంచిలో పెట్టుకుపోయి, మడత విప్పకుండా తెచ్చి, బక్కెట్లో ముంచి దండెం మీద ఆరేసేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొన్న ఆదివారం మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చింది. వెళ్ళి చూస్తే నాయన నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని, గుంటలో కూర్చుని నేస్తున్నాడు.

"ఏం నాయనా ఇది? డాక్టరు వద్దనె గదా!"

"దినామూ ఉతికితే ఆ కోటు ఎన్నాళ్ళు ఆగుతాది? ఇంకోటి నేస్తాండా."

అక్కడే గుంట పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. కోటు ఆట మానేశానని, దాన్ని ఒంటిమీద వేసుకుని నెల దాటిందని.

నాయన మగ్గం ఆపాడు. "మరి దినామూ ఎందుకు తడిపినావు పాపా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"ఇంక చాలు, లెయ్ నాయనా" అన్నాను.

"పడుగు ఎక్కినాక మధ్యలో కోస్తారా యాడన్నా?"

మా ఇళ్ళలో కోయరు. మగ్గమెక్కిన గుడ్డ పూర్తయ్యాకే దిగుతుంది. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన సంగతే. ఆయన తువ్వాలు ఇంకాస్త బిగించి మళ్ళీ ముందుకు వంగాడు. గుడ్డ అప్పటికింకా మూరెడే అయింది.